అమావాస్య నాడు మోగిన మగ్గం

నా మగ్గంలో నా భార్య కూర్చున్న వేసవి అది. తొంభై ఏడో సంవత్సరం. ఉగాదికి ఇంకా నాలుగు రోజులుండగా, ధర్మవరంలో శేషగిరి సావుకారు తన అంగడిలో తెల్ల దుప్పటి మీద నేను నేసిన చీరను పరిచి, అంచు జరీ వైపు వేలు చూపించాడు.

“ఏమప్పా తిరుపాలూ, ఏంటిది?”

చిలకపచ్చ చీర, ఎర్ర అంచు. ఆ అంచులో, జరీ ఆకుల వరసలో ఒకచోట బొటనవేలంత నల్లటి మచ్చ. తేరిపార చూస్తే దానిలో వేలిగీతలు కూడా కనిపిస్తున్నాయి.

“డిజైన్లో ల్యాని పువ్వు ఒగటి పూసింది,” అన్నాడు ఆయనే. అంగడిలో కూర్చున్న ఇద్దరు నేతగాళ్లు నవ్వారు. వాళ్లను తప్పు పట్టలేను. నేను వాళ్ల చోట ఉంటే నేనూ నవ్వేవాణ్ణి.

“నీ నేతకు వంక పెట్టను. మీ నాయన నేత నీకొచ్చింది. చెయ్యే రాల్యా,” అన్నాడు శేషగిరి. “మగ్గం మీద ఇంగ రెండు చీరల వార్పు ఉండాది కదా. అది ముగించు. తర్వాత సంగతి తర్వాత చూద్దాం.”

ఆ చివరి మాటకు అర్థం అంగడిలో అందరికీ తెలుసు. వార్పు అంటే మగ్గానికి ఎక్కించే పడుగు; అది సావుకారు ఇస్తేనే మగ్గం. ఇవ్వకపోతే ఇంట్లో ఉన్నది నాలుగు కొయ్యలూ, నేతగాడు కాళ్లు దించి కూర్చునే ఒక గుంతా మాత్రమే.

నా అరచేతులకు పుట్టినప్పటి నుంచీ చెమట పడుతుంది. ఆ చెమట అంటిన జరీ కొన్నాళ్లకు నల్లబడుతుంది. బడిలో పలక మీద రాసింది నేను తుడవకముందే తుడుచుకుపోయేది. గ్రంథాలయం పుస్తకాలు కండువాతో పట్టుకుని చదవడం అలవాటు. పటిక నీళ్లు, తుమ్మచెక్క కషాయం, అనంతపురం డాక్టరు ఇచ్చిన లేపనం, అన్నీ అయ్యాయి. బూడిద ఒక్కటే కాసేపు చెమటను తాగేది గాని, పట్టు మీద బూడిద రాలితే రంగు మాసిపోతుంది. మా పెళ్లిలో పురోహితుడు గౌరి చేతిని నా చేతిలో పెట్టినప్పుడు ఆమె తలెత్తి నా ముఖం చూసింది. ఆ చూపుకు అర్థమేమిటో ఆరేళ్లలో నేను అడగలేదు. ఆ తర్వాత, అవసరం లేకుండా ఆమె చెయ్యి పట్టుకున్నదీ లేదు.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాను. మా అమ్మ ఓబులమ్మ సావుకారును తిట్టింది, తర్వాత ఎండను తిట్టింది, చివరికి నన్ను చూసి తిట్టడం మానేసింది. గౌరి రాట్నం దగ్గర కండెలు చుడుతోంది. ఆరేళ్లుగా ఆమె పని అదే: కండెలు చుట్టడం, నేను నేస్తుంటే అవతలి పక్క కూర్చుని అంచు పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను నాకు అందించడం. రాట్నం ఆపకుండానే అంది:

“నేను నేస్తా.”

“నువ్వా!” అంది అమ్మ. “మీ హిందూపురంలో చింతపండు ఒలిచినట్లు అనుకున్యావేమో మే. మా ఇంట్లో మొగోడు ఉండంగా ఆడది గుంతలో దిగింది ల్యా.”

“దిగకపోతే గుంతే ఉంటాది అత్తా, మగ్గం ఉండదు,” అంది గౌరి.

గౌరి పుట్టిల్లు హిందూపురం. పెళ్లికి ముందు ఏడేళ్లు చింతపండు మండీలో గింజలు తీసింది. వేలిగీతల్లో పట్టిన ఆ నలుపు పూర్తిగా పోలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో అమ్మ ఆ చేతులను చూసి, పట్టు ముట్టే ముందు రాయితో తోముకోమంది. గౌరి ఏడాది పాటు తోముకుంది. చేతులను దాచుకోవడమంటే ఏమిటో ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసనుకున్నాను. ఆమె తోముకుంటున్న చప్పుడు రోజూ విన్నవాణ్ణే. వినడం వేరు, ఎరగడం వేరు.

ఉగాది మరునాడు గౌరి గుంతలోకి దిగింది. నేను గట్టు మీద కూర్చుని చెప్పాను. కాలు ఎప్పుడు తొక్కాలి, నాడె ఎంత విసురుగా పోవాలి, పోగులను బిగించే దువ్వెనలాంటి అచ్చును ఎంత బలంగా గుద్దాలి. మొదటి రెండు రోజులు ఆమెకు నా అవసరం ఉంది. ఆ రెండు రోజులూ నేను చాలా మంచి గురువుని. మూడో రోజు నేను “ఇప్పుడు కాలు” అనబోయేలోగా ఆమె కాలు పడింది. నాలుగో రోజు నేను మాట్లాడకపోయినా ఆమె గమనించలేదు. ఐదో రోజు నేను అవతలి పక్కకు వెళ్లి అంచు నాడె అందుకున్నాను, చేతులకు గుడ్డ చుట్టుకుని. మా స్థానాలు మారిపోయాయని ఇద్దరమూ అనలేదు.

ఆమె చేతులు పొడి చేతులు. ఏప్రిల్ ఎండలో, రేకుల కప్పు కింద, నుదుటి మీద చెమట కారుతున్నా ఆ అరచేతులు పొడిగానే ఉండేవి. నేను వాటినే చూసేవాణ్ణి. భర్త భార్య చేతులను అంతగా చూస్తే లోకం దానికి మంచి పేరే పెడుతుంది. నాలో ఉన్నది ఆ మంచి పేరుకు తగినది కాదు.

మధ్యాహ్నాలు అవతలి పక్క అమ్మ కూర్చునేది. నేను వంటింట్లో బియ్యం ఏరుతూ వినేవాణ్ణి. నేతగాడికి మగ్గం చప్పుడు చాలు, చీర చూడనక్కర లేదు. కాలు, నాడె, గుద్దు. కాలు, నాడె, గుద్దు. నేను తప్పు కోసం వెతికాను. ఒక్క గుద్దు మెత్తగా పడితే, ఒక్క నాడె తడబడితే లేచి వెళ్లి “అట్ల కాదు” అని చెప్పాలని కాచుకుని ఉన్నాను. చీర సగమయ్యేదాకా కాచుకున్నాను. అసూయ గురించి తత్త్వ పుస్తకాల్లో చాలా చదివాను. అది ఇతరుల మంచిని చూసి కలిగే దుఃఖమని, అజ్ఞానం నుంచి పుడుతుందని. ఆ నిర్వచనాలు అబద్ధాలు కావు. కానీ తనకు అన్నం పెట్టే చప్పుడు చక్కగా మోగుతున్నందుకు బాధపడే మనిషి గురించి వాటిలో ఎక్కడా లేదు.

చీర ముగిసింది. అంగడికి నేనే తీసుకుపోయాను.

శేషగిరి దుప్పటి మీద పరిచాడు. ఒక కొస నుంచి రెండో కొస దాకా అంచు వెంట నడిచినట్లు చూశాడు. వెనక్కు తిప్పి మళ్లీ చూశాడు.

“గుద్దు చూస్తివా ఎట్ల పడిందో!” అన్నాడు పక్కవాడితో. నా వైపు తిరిగి, “మీ నాయన దిగి వచ్చి నేసినట్లు ఉండాది కదప్పా. చేతులు బాగైనాయా?”

నా చేతులు కండువాలో ఉన్నాయి.

“బాగైనాయి సావుకారూ,” అన్నాను. “మందు పనిచేసింది.”

అనడానికి ముందు ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆలోచించే అన్నాను.

ఇంటికి వస్తే గౌరి అడిగింది: “ఏమన్యాడు?”

“బాగుందన్నాడు.”

“ఇంగేమన్యాడు?”

“బాగుందన్నాడంటే బాగుందనే. ఇంగేమంటాడు?”

ఆమె తల ఊపి మూడో చీర మొదలుపెట్టింది. అదే ఆ పడుగులో ఆఖరిది. అదే చిలకపచ్చ, అదే ఎర్ర అంచు, కానీ ఇది ఒక పెళ్లికూతురి కోసం అడిగి చేయిస్తున్నది. సావుకారు దానికి మేలైన జరీ ఇచ్చాడు, నా చేతులు బాగయ్యాయి కాబట్టి.

రెండో చీర రోజుల్లో నాకు ఆమె నైపుణ్యం మీదే ఉడుకు. ఇప్పుడు ఆమె మీదే ఉడుకు. ఆమెకు దక్కాల్సిన పొగడ్త నా జేబులో ఉంది, దాన్ని ఖర్చు పెట్టుకోవడానికి నాకు వీలు లేదు. నీళ్ల కుళాయి దగ్గర పక్కింటి సుశీలమ్మ గౌరితో, “మీ ఆయప్ప చెయ్యి కుదిరిందంట కదమ్మా, సావుకారు అందరికీ చెప్తాండాడు,” అంటుందేమోనని ఆ వైపు నీళ్లకు కూడా నేనే పోయేవాణ్ణి. బిందెలు మోసే మొగుడని వీధి నన్ను మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు కూడా నాది కాదు.

ఆ రోజుల్లోనే గ్రంథాలయం గోడ మీద ఒక కాగితం చూశాను. పెనుకొండలో బీమా ఏజెంట్లకు ఒక రోజు శిక్షణ. పదో తరగతి చాలు, మాట్లాడగలిగితే చాలు. నేను ఇంటర్ చదివాను, పుస్తకాలు చదువుతాను, మాట్లాడగలను. వేరే పని. మగ్గం లేని, పట్టు లేని, చేతులతో పని లేని పని. ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను.

చైత్రం పోయే అమావాస్య పొద్దున గౌరి తన చెల్లెలి బిడ్డను చూసి రావడానికి హిందూపురం పోయింది. అమావాస్యకు మా వీధిలో మగ్గం కదలదు. నేతపని చేసే ఏ ఇంట్లోనూ కదలదు. మగ్గానికి మొక్కి, ఊరుకుంటారు. అందుకే ఆమె ఆ రోజు చూసుకుని పోయింది, ఒక్క పూట పని కూడా పోకుండా. నేను అదే పొద్దున బస్సెక్కి పెనుకొండ చేరాను.

కొండ కింద ఒక కల్యాణమండపంలో నలభై మందిమి కుర్చీల్లో కూర్చున్నాం. టై కట్టుకున్న అధికారి నవ్వుతూ మాట్లాడాడు. మనిషికి తన మీద తనకు నమ్మకం ఉండాలన్నాడు. ఆ నమ్మకం ఎదుటివాడికి మొదటి నిమిషంలోనే తెలియాలన్నాడు.

“మాట కంటే ముందు ఏది పోతాది ఎదుటి మనిషి దగ్గరికి?” అని అడిగాడు.

ఎవరో “నవ్వు” అన్నారు. ఎవరో “నమస్కారం” అన్నారు.

“చెయ్యి!” అన్నాడు ఆయన. “లేవండి అందరూ. పక్కవాళ్లకు చెయ్యి ఇవ్వండి. గట్టిగా!”

నా పక్కనున్నది గోరంట్ల నుంచి వచ్చిన మనిషి, నా వయసువాడే. ఎరువుల అంగడిలో గుమాస్తాగా ఉండి విసిగి వచ్చానని పొద్దున టీ దగ్గర చెప్పాడు. చెయ్యి చాచాడు. నేను ప్యాంటుకు తుడుచుకుని ఇచ్చాను. అతను మర్యాదస్తుడు. ముఖం మారలేదు, నవ్వు కూడా తగ్గలేదు. చెయ్యి మాత్రం వెనక్కు తీసుకుని, నేను చూడనప్పుడు, జేబు రుమాలుకు మెల్లగా తుడుచుకున్నాడు. నేను చూశాను. అలాంటివి చూడటంలో నాకు ముప్ఫై ఏళ్ల అభ్యాసం ఉంది.

టీ విరామంలో బయటికి వచ్చి, మళ్లీ లోపలికి పోలేదు.

మధ్యాహ్నం రెండు గంటలకు ధర్మవరంలో దిగాను. మా వీధిలో చప్పుడు లేదు. మామూలు రోజుల్లో ఆ వీధిలో మాట వినాలంటే గట్టిగా అరవాలి. ఆ రోజు ఎవరింట్లోనో గిన్నె పెడితే ఈ కొసకు వినిపిస్తోంది. అమ్మ వసారాలో పడుకుని ఉంది. లోపల మగ్గం, దాని మీద చిలకపచ్చ చీర. గౌరి పోయే ముందు కొయ్యకు పెట్టిన పసుపూ కుంకుమా, పక్కనే ఒక మందార పువ్వు.

నేను గుంతలోకి దిగాను.

ఒక్క జానెడు నేస్తే చాలనుకున్నాను. ఒక్క జానెడు. ఆమె నేతకూ నా నేతకూ తేడా లేదని నా కళ్లతో నేను చూసుకుంటే చాలు. పువ్వు పక్కన పెట్టాను. చేతులు గుడ్డకు తుడుచుకున్నాను. కాలు తొక్కాను.

ఆ నిశ్శబ్దంలో మొదటి గుద్దు నాకే పిడుగులా వినిపించింది. ఆపలేకపోయాను. కాలు, నాడె, గుద్దు. అవతలి పక్క మనిషి లేడు కాబట్టి అంచు నాడెను నేనే వంగి అందుకుంటూ, ప్రతిసారీ జరీని చేత్తో సర్దుకుంటూ నేశాను. ఎంత బాగా వస్తోందో! చాలా రోజుల తర్వాత నా ఒళ్లు నాకు దొరికినట్లనిపించింది.

“రేయ్.”

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

“అమావాస్య నాడు మగ్గం కదిలిస్తాండావు,” అంది. అరవలేదు. “మీ నాయన చచ్చిపోయే పొద్దు కూడా ఈ పని చెయ్యల్యా.”

నేను లేచాను. అప్పటికే ఎనిమిది వేళ్ల మేర నేశాను. మందార పువ్వును మళ్లీ దాని చోట పెట్టాను. అది వాడిపోయి ఉంది.

గౌరి సాయంత్రం వచ్చింది. కాళ్లు కడుక్కుంటూనే అంది:

“ఈ పొద్దు మన మగ్గం మోగిందంట.”

“ఎవరు చెప్పినారు?”

“ఎవురని చెప్పేది? వీధి మొగదల నుంచి ఈడికి వచ్చే లోపల ఐదు మంది. ఊరంతా సుమ్మనున్న పొద్దు ఒగటే మగ్గం మోగితే అది యాడ మోగిందో కనుక్కోవల్లనా?”

లోపలికి పోయి మగ్గం ముందు కూర్చుంది. బొటనవేలితో చీర మీద మెల్లగా నిమురుతూ వచ్చి, ఒకచోట ఆగింది. తన గుద్దు ముగిసి నా గుద్దు మొదలైన చోటు అది. నాకూ తెలుసు. కంటికి తేడా లేదు. వేలికి ఉంది.

“విప్పేస్తావా?” అన్నాను.

“ఎందుకు విప్పేది? బాగనే ఉండాది కదా,” అంది. నా వైపు చూడలేదు. మరునాడు పొద్దున అక్కడి నుంచే నేత సాగించింది. ఆ ఎనిమిది వేళ్లూ బట్ట చుట్టే కొయ్య మీద ఆమె నేత కింద చుట్టుకుంటూ చుట్టుకుంటూ లోపలికి పోయాయి.

ఆమె తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

మూడు వారాలకు చీర కోసి, విప్పి, చాప మీద పరిచాం. మొదట చూసింది మా అమ్మ. చూసి, లేచి వంటింట్లోకి పోయింది. చిలకపచ్చ మీద ఎర్ర అంచు నిప్పులా మెరుస్తూ వచ్చి, ఎనిమిది వేళ్ల మేర బొగ్గయి, మళ్లీ మెరుస్తూ పోయింది. నేను జరీని సర్దిన ప్రతిచోటా నా వేళ్లు ఉన్నాయి. లెక్కపెట్టవచ్చు.

“నేను తీసుకుపోను,” అన్నాను.

“నువ్వు తీసుకుపో. నేనూ వస్తాండా,” అంది గౌరి.

ఆమె అంగడికి రావడం అదే మొదటిసారి. శేషగిరి చీర పరిచాడు. ఎనిమిది వేళ్ల దగ్గర ఆగిపోయాడు. ఆ మేరను వెనక్కు తిప్పి కూడా చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

“మందు పనిచేసిందంటివి కదప్పా?”

గౌరి నా వైపు తిరిగింది. ఆ మాట ఆమె అప్పుడే వింటోంది. రెండో చీరను చూసి సావుకారు ఏమన్నాడో, నేను ఏమన్నానో, నీళ్ల బిందెలు ఎందుకు మోశానో, అన్నీ ఆ ఒక్క మాటతో ఆమెకు తెలిశాయి. ఆమె ముఖంలో అది తెలియడం నేను చూశాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నా గురించి నేను చదివినదేదీ అంత స్పష్టంగా లేదు.

“మందు కాదు సావుకారూ,” అంది గౌరి. “పోయిన చీర నేసింది నేను. ఇది నేసిందీ నేనే.”

“నువ్వా అమ్మా?” అన్నాడాయన. “మల్ల ఈ మచ్చలు?”

“అవీ నావే.”

శేషగిరి చీరను పక్కకు జరిపాడు. “చేతులు చూపించమ్మా.”

ఆమె రెండు చేతులూ చాచింది. ట్యూబులైటు వెలుగులో ఎండిన అరచేతులు, గీతల్లో చింతపండు నలుపు. రాయితో తోముకున్న ఆ చేతులను, మా అమ్మ ముందు కొంగు కింద పెట్టుకున్న ఆ చేతులను, ఆమె అంగడి నడుమ చాచి నిలబడింది. ఆయన వాటిని చూశాడు. తర్వాత కండువాలో ఉన్న నా చేతుల వైపు చూశాడు. వాటిని చూపించమని అడగలేదు. ఆ దయ నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

“పెండ్లి చీర ఇట్ల ఇయ్యలేనమ్మా. ఇది మీరే పెట్టుకోండి, పెండ్లోళ్ల సంగతి నేను చూసుకుంటా,” అని మడిచి ఆమె చేతికిచ్చాడు. “వచ్చే వార్పు నీకే ఇస్తా. నీ ఒక్కదానికి. ఇంగొకరు గుంతలో దిగగూడదు.”

దారిలో రైలుగేటు పడితే ఆగాం. గూడ్సు బండి పోతోంది.

“ఆ మచ్చలు నీవని ఎందుకు చెప్పినావు?” అన్నాను.

“నాది నీదని నువ్వు చెప్పల్యా? నీది నాదని నేను చెప్పినా. సరిపోయింది పో.”

గేటు లేచింది. ఆమె ముందు నడిచింది.

కొత్త పడుగు వచ్చింది. దాన్ని నేయాలంటే ముందు మగ్గంలో మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త కొసలు అతకాలి. పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి వేళ్ల నడుమ పెట్టి, బూడిద అద్ది, మెలిపెట్టాలి. ముడి కాదు, మెలిక మాత్రమే. ముడి వేస్తే అచ్చులో దూరదు. అట్లా నాలుగు వేల పైచిలుకు పోగులు. మా వీధిలో అది ముసలమ్మల పని. గుంతలో దిగలేని వయసులో, బూడిద డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. మా ఇంటికి ఎప్పుడూ వచ్చేది అంజినమ్మవ్వ.

ఆమె వచ్చి కూర్చుంది. యాభై పోగులు అతికి, చెయ్యి దించేసింది.

“కండ్లు కనపడ్డం ల్యామ్మా. రెండు పోగులు నాలుగు అవుపడతాండాయి. ఇంగొకరిని పిలుచుకోండి.”

“ఇంగెవరుండారు అవ్వా? నాగేంద్రమ్మ మొన్ననే కూతురి దగ్గరికి పాయె,” అంది గౌరి. “నాకు చూపించు, నేను అతుకుతా.”

గౌరి కూర్చుంది. బూడిద అద్దింది, మెలిపెట్టింది, లాగి చూసింది. మెలిక విడిపోయింది. మళ్లీ. విడిపోయింది. నీళ్లు తడుపుకుని చూసింది. నీళ్లు ఎక్కువై పోగులు అంటుకున్నాయి. పది పోగుల్లో ఆరు విడిపోయాయి.

“నీ చేతులు మరీ పొడమ్మా,” అంది అంజినమ్మవ్వ. “బూడిద నిలబడ్డం ల్యా. జారిపోతాండాది.”

నేను గోడకు ఆనుకుని ఉన్నాను. ఆ మాట నా చెవిన పడగానే లోపల ఏదో లేచింది. దాన్ని ఇప్పుడు ఏ పేరుతో అలంకరించినా అది అబద్ధమవుతుంది. ఆ మగ్గంలో గౌరికి చేతకాని పని ఒకటుంది. ఆమెకు రానిది నాకు రావాలి. అంతకన్నా ఉన్నతమైన ఉద్దేశం నాకు లేదు.

“లెయ్, నేను చూస్తా,” అన్నాను.

“ముసిలోళ్ల పనిరా అది!” అంది అమ్మ వంటింట్లోంచి.

“సావుకారు గుంతలో దిగొద్దన్యాడు,” అంది గౌరి.

“గుంతలో దిగను. ఈ పక్క కూర్చుంటా.”

అంజినమ్మవ్వ తన డబ్బా నా వైపు తోసింది. నేను బూడిదలో వేళ్లు ముంచాను. చెమటా బూడిదా కలిసి వేళ్ల మీద సన్నని పూతలా నిలిచాయి. రెండు పోగులు పట్టుకుని మెలిపెట్టాను. లాగాను. నిలిచింది. ఇంకొకటి. నిలిచింది. అవ్వ వంగి, కళ్లతో కాదు, వేలితో తడిమి చూసింది.

“నీ చేతిలో జిగట ఉండాది కదరా అబ్బోడా,” అంది. “మేము ఎంగిలి అద్దుకోని, బూడిద అద్దుకోని సస్తాంటిమి. నీకు అడక్కుండానే ఊరతాండాది.”

గౌరి పక్కకు తిరిగి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను లెక్కపెట్టుకుంటున్నాను.

రెండున్నర రోజులు పట్టింది. నడుము విరిగింది, కాళ్లు మొద్దుబారాయి. సందేహాలు ఆ రెండున్నర రోజుల్లోనే వచ్చాయి. బూడిద పట్టుకు పడదు కదా, ఈ పనికి ఎట్లా పడుతుంది అని అడిగాను. అవ్వ నన్ను వెర్రివాణ్ణి చూసినట్లు చూసింది.

“అతుకు ఉన్న మేర చీరలోకి పోదు కదరా. అచ్చు దాటించి, కోసి పారేస్తారు.”

తెలిసిన సంగతే. ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో కోసి పారేస్తున్నదే. కానీ ఆ మాట విన్నాక చాలాసేపు వేళ్లు ఆడలేదు. నా చెయ్యి పడిన మేరంతా చీర మొదలయ్యే ముందే కత్తిరించి పారేస్తారు. మచ్చ మిగలదు, పేరు మిగలదు. కానీ ఆ మేర లేకపోతే చీర మొదలే కాదు.

చివరి పోగు మెలిపెట్టాను. ఇక దాటించడం. కొత్త పడుగును మెల్లగా ముందుకు లాగితే, నాలుగు వేల మెలికలూ అచ్చు సందుల్లోంచి ఒక్కొక్కటిగా దూరి రావాలి. మెలిక వదులైతే అక్కడ పోగు తెగుతుంది. తెగినవన్నీ మళ్లీ వెతికి ఎక్కించాలి. వందకు పైగా తెగితే ఒక పూట పోతుంది. గౌరి గుంతలో కూర్చుని లాగింది. నేను పక్కన నిలబడి చెవి పెట్టాను. పట్టుపోగు తెగితే చిటికె వేసినంత చప్పుడవుతుంది. ఆమె లాగుతోంది. నేను వింటున్నాను. ఈసారి తప్పు వినబడకూడదని వింటున్నాను, ఆ వేసవిలో మొదటిసారి.

మెలికలన్నీ ఇవతలికి వచ్చాయి. బూడిద రంగు గీత ఒకటి పడుగు అడ్డంగా, మగ్గం వెడల్పునా.

“ఎన్ని తెగినాయి?” అన్నాను.

గౌరి వేలితో ఒక కొస నుంచి ఇంకో కొసకు మీటుతూ పోయింది.

“ఒగటీ తెగల్యా,” అంది.

అక్కడే కింద కూర్చుండిపోయాను. లేవబోతే రాలేదు. ఆమె గుంతలోంచి పైకి వచ్చి చెయ్యి చాచింది. నేను అలవాటుగా కండువా కోసం వెతికాను.

“తుడుచుకోవద్దు. బూడిద ఉండాది కదా, జారదులే,” అని పట్టుకుని లేపింది. వదలకుండానే అంది: “పెండ్లి పొద్దు నీ చెయ్యి తడిగా ఉంటే నాకు ఎంత ధైర్యమొచ్చిందో తెలుసునా? నా ఒక్కదానికే భయం కాదులే అనుకున్యా.”

ఆరేళ్లు నేను అడగని ప్రశ్నకు జవాబు అది. ఆమె చెయ్యి వదిలి, బూడిద అంటిన అరచేతిని కొంగుకు తుడుచుకుని, మళ్లీ గుంతలోకి దిగింది. కత్తెర తీసుకుంది. బూడిద గీత ఉన్న మేర కోసి పక్కన పడేసింది. కొత్త చీర మొదలుపెట్టింది.

అంజినమ్మవ్వ డబ్బా నాకే ఇచ్చిపోయింది. నాలుగు రోజుల్లో వీధిలో మూడిళ్ల నుంచి కబురొచ్చింది. ముసలమ్మల పని చేసే మొగోడని నవ్వినవాళ్లే, పోగు తెగడం లేదని చూసి పిలిచారు. ఆ ఏడాది చివరికి పెనుకొండ దారిలోని పల్లెల మగ్గాలకు కూడా వెళ్లి అతికి వచ్చేవాణ్ణి. కొత్త ఇంట్లో ఎవరైనా చెయ్యి ఇవ్వబోతే ఇచ్చేవాణ్ణి. వాళ్లు తుడుచుకుంటే తుడుచుకునేవాళ్లు. చిలకపచ్చ చీరను గౌరి ఇప్పటికీ పండగలకు కడుతుంది, ఆ ఎనిమిది వేళ్ల మేర కుచ్చిళ్లలోకి పోయేటట్లు.

అసూయ పోయిందా అని అడిగితే, లేదు. మొదటి వాన పడిన రోజు పొద్దున డబ్బా పట్టుకుని బయలుదేరుతూ గుమ్మంలో ఆగాను. లోపల గౌరి నేస్తోంది. కాలు, నాడె, గుద్దు. అలవాటు కొద్దీ తప్పు కోసం విన్నాను. దొరకలేదు. ఛాతీలో ఆ పాత చోటే గుచ్చుకుంది. ఆ నొప్పితోనే వీధిలోకి దిగి, పక్క ఇంట్లో నా కోసం ఎదురుచూస్తున్న నాలుగు వేల పోగుల దగ్గరికి నడిచాను.